లోహ వ్యర్థంతో నీటిశుద్ధి: పని ఒప్పుకునే ముందు

"పిక్లింగ్ యాసిడ్ బయటికి పంపడానికి ప్రతి నెలా డబ్బు కడుతున్నాం. ఈటీపీలో వెయ్యడానికి ఫెర్రస్ సల్ఫేట్ సంచులు కొంటున్నాం. రెండింట్లో ఉన్నదీ ఇనుమేగా! మనది మనమే వాడుకుంటే పోలా? రెండు నెలల్లో చేసి చూపించు."

ప్లాంట్ హెడ్ నోటి నుంచి ఇలాంటి మాట మీరు ఇప్పటికే విని ఉంటారు. లేదా త్వరలో వింటారు. మీరు ఈటీపీ (ఎఫ్లుయెంట్ శుద్ధి ప్లాంటు) షిఫ్ట్ కెమిస్టు అయినా, ఈహెచ్‌ఎస్‌లో ఉన్నా, అడ్సార్బెంట్ల మీద పీహెచ్‌డీ పూర్తి చేసి కంపెనీలో చేరబోతున్నా ఈ పని మీ టేబుల్ మీదికి రాక తప్పదు. ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. వ్యర్థం ఖర్చు తగ్గుతుంది, కెమికల్ బిల్లు తగ్గుతుంది, వార్షిక నివేదికలో రాసుకోవడానికి ఒక మంచి వాక్యం దొరుకుతుంది. చేసి చూపించినవాళ్లకు అప్రైజల్‌లో గుర్తింపు వస్తుంది. కాబట్టి ఒప్పుకోవద్దని నేను చెప్పను. ఒప్పుకోండి, కానీ ఎక్కడెక్కడ దెబ్బ తగులుతుందో ముందే తెలుసుకుని ఒప్పుకోండి.

ఈ పనిలో కెమిస్ట్రీ దగ్గర ఓడిపోయేవాళ్లు తక్కువ. ఇనుము నీళ్లలోని క్రోమియాన్నీ ఆర్సెనిక్‌నీ ఎలా పట్టుకుంటుందో ఎప్పటినుంచో తెలుసు. ఓడిపోయేది రెండు చివర్ల దగ్గర. వ్యర్థం తనతో పాటు ఇంకేం మోసుకొస్తోంది అన్నది ఒక చివర. వాడేశాక మిగిలిన బురద ఎక్కడికి పోతుంది అన్నది రెండో చివర. ఈ రెండింటికీ జవాబు కాగితం మీద లేకుండా బీకర్ ముట్టుకోకండి.

అసలు ఇది పని చేస్తుందా అని మీ మేనేజర్‌కు అనుమానం ఉంటే చెప్పడానికి గట్టి ఉదాహరణలే ఉన్నాయి. అమెరికాలోని నార్త్ కరోలినాలో ఎలిజబెత్ సిటీ అనే ఊరి దగ్గర కోస్ట్ గార్డ్ స్థావరం ఉంది. అక్కడి పాత ప్లేటింగ్ షాపు కింద భూగర్భజలంలోకి హెక్సావాలెంట్ క్రోమియం, అంటే క్రోమియం-6, దిగింది. 1996లో ఆ నీటి దారికి అడ్డంగా 46 మీటర్ల పొడవు, 7 మీటర్ల పైచిలుకు లోతు, 60 సెంటీమీటర్ల మందంతో కందకం తీసి ఇనుప రజను నింపారు. నీళ్లు దాని గుండా పోతుంటే విషపూరితమైన క్రోమియం-6 కాస్తా క్రోమియం-3గా మారి అక్కడే నిలిచిపోయింది. పంపు లేదు, కరెంటు లేదు, ఏళ్ల తరబడి పని చేసింది. ఇంకొకటి మన పొరుగున బంగ్లాదేశ్‌లో. బావి నీళ్లలోని ఆర్సెనిక్ తీయడానికి అబుల్ హుస్సామ్ తయారు చేసిన సోనో ఫిల్టర్‌లో కీలకమైన పొర కాస్ట్ ఐరన్ టర్నింగ్స్‌తోనే చేసింది. దానికి 2007లో 10 లక్షల డాలర్ల గ్రేంజర్ బహుమతి వచ్చింది. ఇక స్టీలు మీది తుప్పు కడిగిన పిక్లింగ్ యాసిడ్ నుంచి ఫెర్రిక్ క్లోరైడ్ చేసి నీటిశుద్ధికి అమ్మడం చాలా దేశాల్లో పాత వ్యాపారమే. అంటే మీరు కనిపెట్టాల్సింది ఏమీ లేదు. మీ దగ్గరున్న వ్యర్థం, మీ దగ్గరున్న నీళ్లు, ఈ రెండూ ఒకదానికొకటి సరిపోతాయో లేదో తేల్చాలి, అంతే. కష్టమంతా ఆ తేల్చడంలోనే ఉంది.

ఒక ప్లేటింగ్ షాపు లెక్క

ఒక కేసు పూర్తిగా వేసి చూద్దాం. రోజుకు 20 కిలోలీటర్ల క్రోమ్ రిన్స్ నీళ్లు వచ్చే ప్లేటింగ్ షాపు. నీళ్లలో లీటరుకు 50 మిల్లీగ్రాముల క్రోమియం-6. అంటే రోజుకు 1 కిలో క్రోమియం. ఉపరితల జలాల్లోకి వదలాలంటే సాధారణ పరిమితి లీటరుకు 0.1 మిల్లీగ్రాము. ఉమ్మడి శుద్ధి ప్లాంటుకు (సీఈటీపీ) పంపేవాళ్లు తమ నిర్వహణ అనుమతిలో (సీఎఫ్‌ఓ) రాసిన అంకె చూసుకోవాలి.

ఒక క్రోమియం పరమాణువును 6 నుంచి 3కి దించడానికి మూడు ఫెర్రస్ ఇనుము పరమాణువులు కావాలి. బరువులో చెప్పాలంటే కిలో క్రోమియానికి 3.2 కిలోల ఫెర్రస్ ఇనుము. సంచుల్లో కొనే ఫెర్రస్ సల్ఫేట్ అయితే 16 కిలోలు. మీ పిక్లింగ్ యాసిడ్‌లో లీటరుకు 100 గ్రాముల ఫెర్రస్ ఇనుము ఉంటే 32 లీటర్లు చాలు. డ్రమ్ములో నిలవ ఉండగా కొంత ఇనుము ఫెర్రిక్‌గా మారిపోతుంది, అది క్రోమియాన్ని దించలేదు. కాబట్టి ఆచరణలో ఇంకొంచెం ఎక్కువే వెయ్యాలి.

చాలామంది ఇక్కడిదాకా వచ్చి స్లైడ్లు తయారు చేసేస్తారు. 32 లీటర్ల వ్యర్థం వాడాం, 16 కిలోల కెమికల్ మిగిల్చాం అని. అసలు లెక్క ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ఆ యాసిడ్ ఏ షాపుది? మామూలు కార్బన్ స్టీలును హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కడిగిందైతే పరవాలేదు. గాల్వనైజింగ్ షాపుదైతే ఆగండి. చాలాచోట్ల పూత సరిగా పడని సరుకు మీది జింకును ఊడదియ్యడానికి కూడా అదే ట్యాంకు వాడతారు. లీటరుకు 30 గ్రాముల జింకు ఉందనుకుంటే, 32 లీటర్లతో 960 గ్రాముల జింకు మీ ట్యాంకులోకి దిగుతుంది. 20 కిలోలీటర్లలో అది లీటరుకు 48 మిల్లీగ్రాములు. జింకు పరిమితి 5. అంటే 50 మిల్లీగ్రాముల క్రోమియం తీయబోయి 48 మిల్లీగ్రాముల జింకు పోసుకున్నారు. పీహెచ్ పెంచితే జింకు కూడా బురదగా అడుక్కి దిగుతుంది కదా అంటారు. దిగుతుంది, కానీ క్రోమియం-3 బాగా దిగేది 8, 8.5 దగ్గర. జింకుకు 9 దాటాలి. ఇంకా పెంచుకుంటూ పోతే రెండూ మళ్లీ కరగడం మొదలుపెడతాయి. రాత్రి షిఫ్టులో ఒక్కడే ఉండే ఆపరేటరు చేతిలో పాత పీహెచ్ మీటరు పెట్టి ఇంత ఇరుకైన హద్దులో నడపమంటే ఏదో ఒక రోజు తప్పుతుంది. ఆ రోజే శాంపిల్ తీసుకెళ్తారు.

స్టెయిన్‌లెస్ స్టీల్ పిక్లింగ్ యాసిడ్ అయితే అసలు మొదలుపెట్టకండి. అది నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ల మిశ్రమం. అందులో ఇనుము ఎక్కువగా ఫెర్రిక్‌గా ఉంటుంది, మీ పనికి రాదు. దానికి తోడు నికెల్, క్రోమియం, ఫ్లోరైడ్, నైట్రేట్ అన్నీ వస్తాయి. పేరు ఒకటే కాబట్టి స్టోర్సు రికార్డులో ఈ యాసిడ్లన్నీ "స్పెంట్ యాసిడ్" అని ఒకే లైను కింద ఉంటాయి. రికార్డు చూసి కాదు, ట్యాంకు దగ్గరికి వెళ్లి చూసి నిర్ణయించండి.

తర్వాత ఉప్పు సంగతి. 32 లీటర్ల యాసిడ్‌తో 20 కిలోలీటర్ల నీళ్లలో లీటరుకు దాదాపు 260 మిల్లీగ్రాముల క్లోరైడ్ చేరుతుంది. ఫెర్రస్ సల్ఫేట్ వాడినా దాదాపు అంతే సల్ఫేట్ చేరేది, కాబట్టి టీడీఎస్ లెక్కలో పెద్ద తేడా కనిపించదు. కానీ మీది చుక్క నీరు బయటికి వదలని జెడ్‌ఎల్‌డీ ప్లాంటైతే ఆ నీళ్లు చివరకు ఎవాపరేటర్‌కే పోతాయి. సల్ఫేటును తట్టుకునే స్టెయిన్‌లెస్ స్టీల్ ట్యూబులకు క్లోరైడ్ పెరిగితే చిల్లులు పడతాయి. ఈటీపీ మీది, ఎవాపరేటర్ మెయింటెనెన్స్‌ది అయినప్పుడు ఈ గొడవ ఆరు నెలల తర్వాత బయటపడుతుంది, అప్పటికి మీ ప్రాజెక్టు ఫొటో నోటీసు బోర్డు మీద ఉంటుంది. ముందే మెయింటెనెన్స్ వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడండి.

ఇక అన్నిటికన్నా పెద్ద అంకె బురదది. కిలో క్రోమియానికి 2 కిలోల క్రోమియం హైడ్రాక్సైడ్, దాని పైన 6 కిలోల ఇనుము హైడ్రాక్సైడ్, మొత్తం 8 కిలోల పొడి బురద. ఫిల్టర్ ప్రెస్ నుంచి వచ్చే కేకులో ఘనపదార్థం 30 శాతం ఉంటే రోజుకు 27 కిలోలు. నెలకు 26 పని దినాలైతే 700 కిలోలు. అదే సోడియం మెటాబైసల్ఫైట్‌తో చేస్తే రోజుకు 3 కిలోల లోపు కెమికల్ పడుతుంది, దానిలో ఇనుము లేదు కనుక పొడి బురద 2 కిలోలే, కేకు 7 కిలోలు. ఇనుముతో బురద నాలుగింతలవుతుందన్నమాట. ఆ కేకు ప్రమాదకర వ్యర్థం. దుండిగల్‌లోనో పరవాడలోనో ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి (టీఎస్‌డీఎఫ్) తూకం వేసి, డబ్బు కట్టి పంపాలి.

అలాగని పిక్లింగ్ యాసిడ్ వాడటం నష్టమని కాదు. రోజుకు 32 లీటర్ల యాసిడ్‌ను న్యూట్రలైజ్ చేసే ఖర్చూ, దాని బురద ఖర్చూ తప్పుతున్నాయి. ఇనుము ఎలాగూ ఎక్కడో ఒకచోట బురదగా మారాల్సిందే. కాబట్టి ఒకే కాగితం మీద మూడు వరసలు రాయండి: కొన్న ఫెర్రస్ సల్ఫేట్‌తో, మెటాబైసల్ఫైట్‌తో, మీ పిక్లింగ్ యాసిడ్‌తో. ప్రతి వరసలో కెమికల్ ఖర్చు, యాసిడ్ పారవేసే ఖర్చు, కాస్టిక్ లేదా సున్నం ఖర్చు, కేకు ఖర్చు, పరీక్షల ఖర్చు విడివిడిగా చూపించండి. యాసిడ్ మీ ఆవరణలోనే పుడితే లెక్క ఒకలా ఉంటుంది. వేరే కంపెనీ నుంచి ట్యాంకర్‌లో తెప్పిస్తే పూర్తిగా వేరేలా ఉంటుంది. నాకు తెలిసినంతలో మేనేజ్‌మెంట్ ఇలాంటి కాగితాన్ని గౌరవిస్తుంది. మూడో వరస ఓడిపోయినా అది మీ ఓటమి కాదు.

ప్రాణం పోయే తప్పు

ప్లేటింగ్ షాపులో క్రోమ్ లైను పక్కనే సయనైడ్ లైను ఉండొచ్చు. జింకు, రాగి, వెండి ప్లేటింగ్‌లో సయనైడ్ బాత్ ఇప్పటికీ వాడేవాళ్లున్నారు. పిక్లింగ్ యాసిడ్‌లో ఇనుముతో పాటు మిగిలిన యాసిడ్ బలంగానే ఉంటుంది. అది సయనైడ్ నీళ్లలో కలిస్తే హైడ్రోజన్ సయనైడ్ గ్యాస్ వస్తుంది. పీల్చినవాడు మెట్లెక్కి బయటికి రాలేడు. సల్ఫైడ్ ఉన్న ఎఫ్లుయెంట్‌లో కలిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్. బ్లీచింగ్, హైపో ఉన్న ట్యాంకులో కలిస్తే క్లోరిన్.

కాబట్టి డోసింగ్ లైను వెయ్యకముందే డ్రెయిన్ల మ్యాపు చేతిలో పెట్టుకుని మీరే నడిచి చూడండి. డ్రాయింగును నమ్మొద్దు. పాత షాపుల్లో డ్రాయింగులో విడిగా ఉన్న రెండు కాలువలు ఫ్లోరు కింద కలుస్తూ ఉంటాయి. సయనైడ్ నీళ్లు ముందు విడిగా నాశనం చేసి, పరీక్షలో లేదని తేలాకే కామన్ ట్యాంకులోకి రావాలి. యాసిడ్ డ్రమ్ము, పంపు, గొట్టం సయనైడ్ ట్యాంకు దరిదాపుల్లో ఉండకూడదు. కాంట్రాక్టు కూలీలు మారుతూ ఉంటారు, ఎవరికీ కెమిస్ట్రీ చెప్పరు, డ్రమ్ములన్నీ ఒకేలా ఉంటాయి. వాళ్లకు తెలుగులోనో హిందీలోనో ఒడియాలోనో, వాళ్ల భాషలో, పెద్ద అక్షరాలతో బోర్డు రాయించండి. రెండు నెలల గడువు ఉందని ఈ ఒక్క పనిలో మాత్రం తొందరపడకండి. గడువు దాటితే మాట పడతారు, అంతకు మించి ఏమీ జరగదు.

లేత్ స్క్రాప్ సంగతి

విజయవాడ ఆటోనగర్‌లోనో విశాఖ ఆటోనగర్‌లోనో లేత్ షాపుల ముందు కుప్పలుగా కనిపించే టర్నింగ్స్, బోరింగ్ చూసి ఎలిజబెత్ సిటీ గోడ గుర్తొస్తుంది. నిజంగానే అది ఉపయోగపడే సరుకు. ముఖ్యంగా కాస్ట్ ఐరన్ బోరింగ్. ముక్కలు చిన్నవి, కాలమ్‌లో పొయ్యడానికి వీలు.

అయితే స్క్రాప్ వ్యాపారి దృష్టిలో అదంతా కరిగించే సరుకే. కాస్ట్ ఐరన్ లోడు కింద అల్లాయ్ స్టీల్ చుట్టలు వేస్తే అతని లెక్కలో మోసం కాదు. మీ లెక్కలో మాత్రం నికెల్, క్రోమియం, మాంగనీస్ నీళ్లలోకి దిగే ప్రమాదం. ప్రతి లోడుకూ శాంపిల్ తీసి ఎక్స్‌ఆర్‌ఎఫ్‌లో చూపించాలి, యాసిడ్‌లో కరిగించి ఏఏఎస్ లేదా ఐసీపీలో చదవాలి. ఒకే షాపు, ఒకే మెషిను, ఒకే రకం సరుకు నుంచి వచ్చేదాన్ని విడిగా తీసి ఇమ్మని, దానికి కొంచెం ఎక్కువ ధర ఇవ్వడం చివరకు చవక.

రెండోది కటింగ్ ఆయిల్. దానితో తడిసిన ఇనుము నీళ్లతో సరిగా రియాక్ట్ కాదు, నీళ్ల సీఓడీ పెంచుతుంది. డిటర్జెంటుతో కడిగితే కడిగిన నీళ్లు ఇంకో ఎఫ్లుయెంట్. ఆయిల్‌ను కాల్చేద్దామంటే పొగకు, పొయ్యికి అనుమతి కావాలి. ఈ ఖర్చు రాయకుండా "ఉచిత ముడిసరుకు" అని రాసిన ప్రతిపాదనలు నేను చాలా చూశాను. ఆయిల్‌తో తడిగా ఉన్న ఇనుప టర్నింగ్స్ పెద్ద కుప్ప వేస్తే లోపల తనంతట తానే వేడెక్కి మంట అందుకోగలదు. అందుకే ఓడల్లో పంపేటప్పుడు దీన్ని యూఎన్ 2793 నంబరు కింద ప్రమాదకర సరుకుగా లెక్కిస్తారు. పైకప్పు కింద, పొడిగా, చిన్న కుప్పలుగా పెట్టండి.

మూడోది, కాలమ్ గట్టిపడటం. గాలి కరిగి ఉన్న నీళ్లు ఇనుప రజను గుండా పోతే పై పొర తుప్పు పట్టి రాయిలా అతుక్కుంటుంది. భూగర్భజలంలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి ఎలిజబెత్ సిటీలో అంతకాలం నడిచింది. మీ ఈక్వలైజేషన్ ట్యాంకులో ఎయిరేషన్ పెట్టి మరీ ఆక్సిజన్ కలుపుతున్నారు. ఇనుముతో పాటు ఇసుక కలపడం, కాలమ్ ముందు ఇసుక పొర పెట్టడం కొంత ఉపశమనం ఇస్తాయి. పైలట్ కనీసం కొన్ని వారాలు ఆపకుండా నడిపి ప్రెషర్ రీడింగు రాయాలి. మూడు రోజుల పైలట్ ఏమీ చెప్పదు. మూసిన కాలమ్‌లో హైడ్రోజన్ కూడా పుడుతుంది. గాలి బయటికి పోయే దారి పెట్టి, దగ్గర్లో వెల్డింగ్ జరగకుండా చూసుకోండి.

పీహెచ్‌డీతో వచ్చేవాళ్లకు

మీ థీసిస్‌లో "గ్రాముకు 20 మిల్లీగ్రాముల ఆర్సెనిక్ పట్టుకుంటుంది" అని ఉంటుంది. ఆ అంకెను ఇంటర్వ్యూలో చెప్పే ముందు ఈ లెక్క వేసుకోండి. అది లాంగ్‌మ్యూర్ గరిష్ఠ విలువ. లీటరుకు పదుల మిల్లీగ్రాముల ఆర్సెనిక్ ఉన్న నీళ్లలో వచ్చింది. అసలు బావిలో లీటరుకు 0.1 మిల్లీగ్రాము ఉంటుంది, తాగునీటికి 0.01కి దించాలి. మీ ఐసోథర్మ్ స్థిరాంకం మిల్లీగ్రాముకు 0.1 లీటరు అనుకుంటే, 0.01 దగ్గర అదే పదార్థం గ్రాముకు పట్టుకునేది 0.02 మిల్లీగ్రాములే. వెయ్యో వంతు. కిలోలీటరు నీటి నుంచి 90 మిల్లీగ్రాముల ఆర్సెనిక్ తియ్యాలి. 20తో భాగిస్తే నాలుగున్నర గ్రాముల పొడి చాలని వస్తుంది. నిజంగా బ్యాచ్‌లో కలిపితే నాలుగున్నర కిలోలు కావాలి. కాలమ్‌లో పెడితే మెరుగే, ఎందుకంటే లోపలికొచ్చే నీటి గాఢతతో పదార్థం సరిపడుతుంది. అయినా 0.2 మిల్లీగ్రాములకు మించదు, అంటే వందో వంతు.

దాని పైన అసలు నీళ్లలో ఫాస్ఫేట్, సిలికా, బైకార్బొనేట్ ఉంటాయి. ఇనుము ఆక్సైడ్ మీద ఆర్సెనిక్ కూర్చునే చోట్లలోనే ఫాస్ఫేట్ కూర్చుంటుంది. డిస్టిల్డ్ వాటర్‌లో తీసిన గ్రాఫులకు ప్లాంటులో విలువ లేదు. ఇంకా పీహెచ్‌డీలో ఉన్నవాళ్లుంటే, మిగిలిన కాలంలో రెండు పనులు చెయ్యండి: అసలు బావి నీళ్లు లేదా అసలు ఎఫ్లుయెంట్ తెచ్చి బ్రేక్‌త్రూ వరకు కాలమ్ నడపండి, వాడేసిన పదార్థానికి టీసీఎల్‌పీ (పట్టుకున్న లోహం మళ్లీ కరిగి బయటికొస్తుందేమో చూసే పరీక్ష) చేయించండి. ఇంటర్వ్యూ బోర్డులో ప్లాంటు మనిషి ఉంటే అడిగే మొదటి ప్రశ్న వీటి గురించే.

టీసీఎల్‌పీ పాసైతే సరిపోతుందనుకోవద్దు. ఆ పరీక్ష ఎసిటిక్ యాసిడ్‌తో 18 గంటలు తిప్పి చేస్తారు. సీసం లాంటి లోహాలకు అది కఠినమైన పరీక్షే. ఆర్సెనిక్ పట్టిన ఇనుము బురదకు కాదు. ల్యాండ్‌ఫిల్‌లో ఆక్సిజన్ లేనిచోట ఇనుము ఆక్సైడే కరుగుతుంది, దానితో ఆర్సెనిక్ బయటికి వస్తుంది. అందుకే వాడేసిన పదార్థాన్ని సిమెంటుతో గట్టిపరిచి పంపడమా, సెక్యూర్డ్ ల్యాండ్‌ఫిల్‌లో వెయ్యడమా అన్నది ముందే టీఎస్‌డీఎఫ్ వాళ్లతో మాట్లాడి రాతపూర్వకంగా తీసుకోండి.

"ఇటుకల్లో కలిపేద్దాం" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. క్రోమియం బురదను సున్నం ఉన్న మట్టితో గాలి తగిలేలా కాలిస్తే క్రోమియం-3 తిరిగి క్రోమియం-6 అవుతుంది. మీరు ఇంత కష్టపడి దించినదాన్ని బట్టీ మళ్లీ పైకి లేపి, ఎవరి ఇంటి గోడలోనో పెడుతుంది. ఆ సలహాకు మర్యాదగా, కాని గట్టిగా కాదని చెప్పండి.

విశాఖ వైపు వాళ్లు రెడ్ మడ్ గురించి అడుగుతారు. దమన్‌జోడి లాంటి అల్యూమినా రిఫైనరీలు టన్ను అల్యూమినాకు టన్ను నుంచి ఒకటిన్నర టన్నుల దాకా రెడ్ మడ్ వదులుతాయి. ఇనుము ఆక్సైడ్ బోలెడు ఉంటుంది, పేపర్లూ బోలెడు వచ్చాయి. కాని పీహెచ్ 10కి పైనే, కడిగిన నీళ్లు మళ్లీ క్షారమే, వెనేడియం, క్రోమియం, థోరియం జాడలు ఉంటాయి. హంగేరీలోని అయ్కాలో 2010 అక్టోబరు 4న కట్ట తెగి ఆ బురద ఊళ్ల మీద పడి 10 మంది చనిపోయారు. ఎఫ్లుయెంట్ న్యూట్రలైజేషన్‌కు కొంత వాడుకోవచ్చు. తాగునీటి జోలికి పోకండి.

తాగునీటి మాట వచ్చింది కాబట్టి: నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ బాధ చూసి పెరిగినవాళ్లకు తాగునీటి పనే చెయ్యాలనే కోరిక బలంగా ఉంటుంది. ఫ్లోరైడ్ తీయడానికి నీరి సంస్థ రూపొందించిన నల్గొండ టెక్నిక్‌లో శుద్ధమైన పటిక వాడినా నీళ్లలో మిగిలే అల్యూమినియం ఒక చిక్కు. ఐఎస్ 10500 ప్రకారం అది లీటరుకు 0.03 మిల్లీగ్రాములకు మించకూడదు, గత్యంతరం లేకపోతే 0.2 దాకా. స్క్రాప్ కరిగించే కొలిమి నుంచి వచ్చిన అల్యూమినియం డ్రాస్‌తో చేసిన పటికలో ఇంకేం ఉందో ఎవరు హామీ ఇస్తారు? డ్రాస్‌కు తడి తగిలితే అమ్మోనియా, హైడ్రోజన్ వస్తాయి, అది వేరే ప్రమాదం. మీ మొదటి ప్రాజెక్టు పరిశ్రమ ఎఫ్లుయెంట్ మీదే చెయ్యండి. సోనో ఫిల్టర్ ఇళ్లలోకి వెళ్లింది ఏళ్లపాటు ఫీల్డులో పరీక్షించాకే.

కాగితాలు

2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల్లో 9వ నియమం చదవండి. చిన్నదే. ప్రమాదకర వ్యర్థాన్ని వనరుగా వాడుకోవాలంటే, అది మీ సొంత ఆవరణలో అయినా సరే, కాలుష్య నియంత్రణ మండలి నుంచి అధికారపత్రం ఉండాలి. కేంద్ర మండలి ఆ వ్యర్థానికి, ఆ వాడకానికి ఎస్‌ఓపీ ఇచ్చి ఉంటే దాన్ని బట్టి రాష్ట్ర మండలి ఇస్తుంది. ఎస్‌ఓపీ లేకపోతే ట్రయల్ రన్, కేంద్ర మండలి పరిశీలన, దానికి పట్టే కాలం. అందుకే "రెండు నెలలు" అన్న గడువుకు మీరు మొదటి మీటింగులోనే జవాబు చెప్పాలి: ల్యాబ్ పని రెండు నెలల్లో అవుతుంది, అనుమతి మన చేతిలో లేదు.

రెడ్ మడ్, ఉక్కు కొలిమి స్లాగ్ లాంటివాటిని ఆ నియమాలు ఎక్కువ మోతాదు, తక్కువ ప్రభావం ఉన్న వ్యర్థాలుగా పక్కన పెట్టాయి. పిక్లింగ్ యాసిడ్, ప్లేటింగ్ బురద మాత్రం షెడ్యూలులోనే ఉన్నాయి. మండలి గడువు పొడిగిస్తే తప్ప ప్రమాదకర వ్యర్థాన్ని 90 రోజులకు మించి నిలవ పెట్టకూడదు. "ట్రయల్ కోసం పక్కన పెట్టాం" అనే మాట ఆ పొడిగింపు లేకుండా తనిఖీలో చెల్లదు. బయటి నుంచి తెప్పిస్తే ప్రతి ట్యాంకర్‌కూ ఫారం 10 మ్యానిఫెస్టు, పంపినవాళ్ల తూకానికీ మీ తూకానికీ పొంతన.

ఇక్కడ ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుందో చెప్తాను. యాసిడ్ పంపే కంపెనీకి దాన్ని వదిలించుకోవడమే లాభం. మీకు ఉచితంగా ఇస్తామంటారు, ఒక్కోసారి ఎదురు డబ్బు కూడా ఇస్తామంటారు. అప్పటినుంచి మీ ఈటీపీకి ఎంత కావాలన్నది కాక, వాళ్ల దగ్గర ఎంత పేరుకుపోయిందన్నదే డోసును నిర్ణయించడం మొదలవుతుంది. లాగ్‌బుక్‌లో 32 లీటర్లు, ట్యాంకులోకి 200 లీటర్లు. అది శుద్ధి కాదు, పారబోత. లాగ్‌బుక్ కింద సంతకం మీదే ఉంటుంది. తెప్పించే పరిమాణం మీద పై హద్దును ఒప్పందంలోనే రాయించండి. స్పెసిఫికేషన్ షీటు తయారు చేసి, ఫెర్రస్ ఇనుము, మొత్తం ఇనుము, మిగిలిన యాసిడ్, జింకు, నికెల్, క్రోమియం, సీసం, కాడ్మియం, ఫ్లోరైడ్, ఇన్హిబిటర్ల వల్ల వచ్చే సీఓడీ, వీటికి హద్దులు పెట్టి, దాటితే ట్యాంకర్ వెనక్కి పంపే అధికారం షిఫ్ట్ కెమిస్టుకు ఉండేలా చూడండి. ప్రతి లోడు నుంచి ఒక సీసా శాంపిల్ సీలు వేసి దాచండి. ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబ్‌లో నెలకోసారైనా సరిచూడండి.

బయోడేటాలో ఈ పని ఎలా రాయాలని జూనియర్లు అడుగుతుంటారు. "సర్క్యులర్ ఎకానమీ ప్రాజెక్టు నడిపాను" అని రాస్తే ఎవరూ ఆగి చదవరు. రోజుకు ఎంత నీళ్లు, లోపలికి ఎంత గాఢత, బయటికి ఎంత, ఎన్ని నెలలు, కిలో కాలుష్యానికి ఎంత కేకు, ఆ కేకు ఎక్కడికి వెళ్లింది, ఏ అధికారపత్రం కింద. ఈ ఏడు అంకెలు, వివరాలు ఉంటే ఇంటర్వ్యూలో అరగంట మీరే మాట్లాడొచ్చు. కంపెనీ రహస్యాలు రాయకుండా పరిధి మాత్రం చెప్పండి. ఆపేసిన ప్రాజెక్టు అయినా రాయండి, ఎందుకు ఆపారో లెక్కతో చెప్పగలిగితే సీఈటీపీలు, రీసైక్లర్లు, కన్సల్టెన్సీలు అలాంటి మనిషినే వెతుకుతున్నాయి.

వేరే కంపెనీ ఇదే పనికి ఆఫర్ ఇస్తే, జీతం మాట అయ్యాక నాలుగు అడగండి. సీఎఫ్‌ఓ, ప్రమాదకర వ్యర్థాల అధికారపత్రం కాపీలు చూడొచ్చా? అందులో ఈ వ్యర్థం పేరు, పరిమాణం ఉన్నాయా? గత సంవత్సరం ఫారం 4 వార్షిక రిటర్నులో కేకు ఎంత చూపించారు? మ్యానిఫెస్టుల మీద సంతకం చేసేది ఎవరు? మొదటి మూడింటికీ కాగితం చూపించకుండా, నాలుగోదానికి "మీరే" అని జవాబొస్తే, ఆ కాగితాలు చేతికి వచ్చేదాకా పాత ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి.